స్టార్మంట్‌కు పడిన తాళం

ఉత్తర ఐర్లండ్ ప్రాంతీయ పార్లమెంటును బ్రిటిష్ ప్రభుత్వం 1972 మార్చి 30న సస్పెండ్ చేసింది. ఏడాది పాటు మాత్రమేనని చట్టంలో రాశారు. బెల్‌ఫాస్ట్ శివార్లలోని స్టార్మంట్ భవనంలో చట్టసభ మళ్లీ స్థిరపడేసరికి 35 ఏళ్లు గడిచాయి.

ఈ పార్లమెంటు 1921లో ఏర్పడింది. అప్పట్లో జనాభాలో మూడింట రెండొంతుల మంది ప్రొటెస్టంట్లు. బ్రిటన్‌తోనే ఉండాలనే యూనియనిస్టులు ప్రధానంగా వీరే. మిగిలిన కాథలిక్కుల్లో ఎక్కువమంది ఐర్లండ్ అంతా ఒకటి కావాలని కోరుకున్న జాతీయవాదులు. యాభై ఏళ్లూ అధికారం యూనియనిస్టు పార్టీదే. అన్నేళ్లలో జాతీయవాదులు ప్రతిపాదించి నెగ్గించుకున్న చట్టం ఒకే ఒక్కటి, అదీ 1931లో అడవి పక్షుల రక్షణ కోసం. డెర్రీ నగరంలో కాథలిక్కులే ఎక్కువ. అయినా వార్డుల సరిహద్దులు గీసిన తీరు వల్ల కౌన్సిల్‌లో యూనియనిస్టులకు 12 స్థానాలు, జాతీయవాదులకు 8 దక్కేవి. సభను మూయించింది తుపాకులే కావచ్చు గానీ, జనంలో ఒక పెద్ద భాగానికి ఆ సభ తలుపులు అంతకు చాలా ముందే మూసుకుపోయాయి.

1968లో పౌరహక్కుల ఊరేగింపులపై పోలీసుల లాఠీలు విరిగాయి. 1969 ఆగస్టు అల్లర్లతో బ్రిటిష్ సైన్యం వీధుల్లోకి దిగింది. ఐర్లండ్ ఏకీకరణ కోసం ఆయుధాలు పట్టిన ఐఆర్ఏ దాడులు పెరిగాయి, యూనియనిస్టుల పక్షాన కూడా సాయుధ ముఠాలు లేచాయి. 1971 జులైలో ప్రధాన ప్రతిపక్షం ఎస్‌డీఎల్‌పీ సభను బహిష్కరించింది. ఆగస్టులో ప్రభుత్వం విచారణ లేకుండానే వందల మందిని నిర్బంధించింది. 1972 జనవరి 30న డెర్రీలో ప్రదర్శనకారులపై సైనికులు కాల్పులు జరిపి 13 మందిని చంపారు. గాయపడిన మరొకరు తర్వాత చనిపోయారు.

ఇక శాంతిభద్రతల అధికారం లండన్‌కు అప్పగించాలని బ్రిటిష్ ప్రధాని ఎడ్వర్డ్ హీత్ పట్టుబట్టారు. స్టార్మంట్ ప్రధాని బ్రయాన్ ఫాక్నర్ ససేమిరా అన్నారు, మంత్రివర్గం రాజీనామా చేసింది. మార్చి 28న చివరి సమావేశం జరుగుతుంటే భవనం ముందు యూనియనిస్టు జనం పోటెత్తారు. ఫాక్నర్ బాల్కనీ నుంచి వారితో మాట్లాడారు.

మన రాష్ట్రపతి పాలన లాంటి ఈ ఏర్పాటులో పెత్తనం లండన్ మంత్రి విలియం వైట్‌లాకు దక్కింది. స్థానిక చట్టాలు చాలావరకు ఉత్తర్వుల రూపంలో బ్రిటిష్ పార్లమెంటుకు వచ్చేవి. సభ్యులు వాటిని ఆమోదించాలి, లేదా తిరస్కరించాలి. ఒక్క మాట సవరించే వీలు కూడా లేదు. బడి, ఆసుపత్రి, ఇళ్ల కేటాయింపు వంటి రోజువారీ సంగతుల్లో జనం నిలదీయడానికి అందుబాటులో ఉండే మంత్రే లేకుండా పోయాడు. హింసా ఆగలేదు. మొత్తం సంఘర్షణలో ఎక్కువమంది చనిపోయిన సంవత్సరం 1972.

పాత పార్లమెంటును 1973లో పూర్తిగా రద్దు చేశారు. ఇరువర్గాలూ కలిసి 1974 జనవరిలో ఏర్పరచిన ప్రభుత్వం, యూనియనిస్టు కార్మికుల సమ్మె దెబ్బకు మే నెలలోనే కూలింది.

ఆ తర్వాత పాలన మళ్లీ లండన్ చేతికే వెళ్లింది. చివరికి ఇరువర్గాల మధ్య శాంతి కోసం కుదిరిన 1998 గుడ్‌ఫ్రైడే ఒప్పందం కొత్త అసెంబ్లీని వేరే తీరులో నిర్మించింది. ప్రతి సభ్యుడూ తాను యూనియనిస్టో, జాతీయవాదో, ఇతరుడో నమోదు చేసుకోవాలి. కీలక నిర్ణయాలకు రెండు వర్గాల మద్దతూ తప్పనిసరి. ప్రథమ మంత్రికీ ఉప ప్రథమ మంత్రికీ అధికారాలు సమానం, ఒకరు తప్పుకుంటే రెండోవారి పదవీ పోతుంది. అయినా ఐఆర్ఏ ఆయుధాల చిక్కు వీడలేదు. దానివల్లే 2000లో కొన్ని నెలలు సభ ఆగింది. ఐఆర్ఏ గూఢచర్యం ఆరోపణలతో 2002 అక్టోబరులో మళ్లీ సస్పెండయింది. ఐఆర్ఏ ఆయుధాలు పనికిరాకుండా చేసినట్లు 2005లో అంతర్జాతీయ పరిశీలకులు ధ్రువీకరించారు. 2007 మే 8న యూనియనిస్టు నేత ఇయాన్ పెయిస్లీ ప్రథమ మంత్రిగా, ఐఆర్ఏ మాజీ నాయకుడు మార్టిన్ మెక్‌గిన్నిస్ ఉప ప్రథమ మంత్రిగా స్టార్మంట్‌లో ప్రమాణం చేశారు.