పాత కారుకు కొత్త వెలుగు

రాబడి ఇంతే అని తెలిసిన ఇంట్లో ఇల్లాలు పద్దు రాసుకుని ఖర్చు పెడుతుంది. 1965లో తయారైన ఎం.జి.బి. కారు రాత్రిపూట నడిపేవాడిదీ అదే అవస్థ. ఆ కారులో సంపాదనపరుడు డైనమో ఒక్కడే. అతగాడి రాబడి మహా అయితే 22 ఆంపియర్లు. ముందు దీపాలు రెండూ కలిసి అందులో దాదాపు పది పుచ్చుకుంటాయి. వెనక దీపాలు, వైపర్లు, హీటరు ఫాను, పెట్రోలు పంపు, ఇగ్నిషను — తక్కినవన్నీ చేతులు చాపి నిలబడేవే.

ఎం.జి.బి. అంటే ఎరగనివారికి ఒక మాట. నేలబారుగా ఉండి, పైకప్పు తీసి తిరగడానికి వీలైన ఆటకారు. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డు దగ్గర ఆబింగ్‌డన్‌లో 1962 నుంచి 1980 దాకా తయారయింది. మన అంబాసిడరులో ఏళ్ల తరబడి నడిచిన 1489 సి.సి. పెట్రోలు ఇంజనూ, దీని 1798 సి.సి. ఇంజనూ ఒక కుటుంబంలోవే. అంచేత బర్మింగ్‌హాంలో ఉంటూ దీని బానెట్టు ఎత్తినప్పుడల్లా నాకు చుట్టాన్ని చూసినట్టుంటుంది.

ఇక్కడ డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే పొద్దు గూకుతుంది. పైన వాన.

"కాళ్లు కొయ్యబారిపోతున్నాయండీ, హీటరు వెయ్యకూడదూ?" అంటుంది మా ఆవిడ.

"వేస్తే దీపాలు మినుకుతాయే."

"అయితే ఆ వైపర్లు ఆపండి."

కురిసే వానలో వైపర్లు ఎలా ఆపను చెప్పండి! ఇది నవ్వుకునే మాటే గాని, ఎర్రదీపం దగ్గర ఆగినప్పుడు నవ్వు రాదు. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు డైనమో దాదాపు ఏమీ ఇవ్వదు. భారమంతా బ్యాటరీల మీద పడుతుంది. వెనక దీపాలు ఆరబోయే నిప్పుకణికల్లా అవుతాయి. వెనక నుంచి వచ్చే లారీవాడికి మా పొట్టి కారు పట్టపగలే అంతంతమాత్రంగా కనిపిస్తుంది.

ఇందులో డైనమో తప్పేమీ లేదు. దాని తయారీయే అలాంటిది. డైనమోలో కరెంటు పుట్టే చుట్లే గిరగిర తిరుగుతాయి. పుట్టిన కరెంటంతా కార్బను బ్రష్షుల గుండా బయటికి రావాలి. అందుకని దాన్ని మరీ వేగంగా తిప్పడానికి లేదు. ఆల్టర్నేటరులో వ్యవహారం తారుమారు. తిరిగేది అయస్కాంతం, కరెంటు పుట్టే చుట్లు చుట్టూ కదలకుండా ఉంటాయి. బ్రష్షుల మీద పడేది ఆ అయస్కాంతాన్ని మేల్కొలిపే కాస్త కరెంటే. చిన్న పుల్లీ వేసి ఎంత వేగంగానైనా తిప్పవచ్చు గనక ఇంజను కునుకుతున్నా సంపాదన ఆగదు. పుట్టేది అటూ ఇటూ మారే కరెంటు. దాన్ని ఒక దారిన పెట్టడానికి లోపల డయోడ్లుంటాయి.

పాత కార్లవాళ్లలో కొందరు ఛాందసులున్నారు. డైనమో తీస్తే కారు మైలపడిపోయిందంటారు. 1967 ఆఖరులో వచ్చిన రెండో మార్కు ఎం.జి.బి.కి కంపెనీవారే ఆల్టర్నేటరు పెట్టారు. ఆ మాటకు వీరి దగ్గర జవాబు లేదు. పైకి డైనమో వేషం, లోపల ఆల్టర్నేటరుగా ఉండే సరుకు కూడా ఇప్పుడు దొరుకుతోంది. నాకు వేషాలు ఇష్టంలేదు. ఎండకాలంలో పగలు మాత్రమే షికారు తిరిగేవారికి డైనమోయే చాలు; అనవసరంగా డబ్బు తగలెయ్యకండి.

మా వీధిలో ఒక ముసలాయన ఉన్నారు. జన్మంతా కార్ల రిపేరులోనే గడిపినవారు. 45 ఆంపియర్ల ఆల్టర్నేటరు తెచ్చి చూపిస్తే ఆయన దానివంక చూడనైనా చూడలేదు. తిన్నగా సీట్ల వెనక ఉన్న రెండు ఆరు వోల్టుల బ్యాటరీల దగ్గరికి వెళ్లారు. అసలు కథ అక్కడుంది.

ఆ కాలపు ఎం.జి.బి.లో బ్యాటరీ పాజిటివు కొనను కారు ఒంటికి కలిపేవారు. ఆల్టర్నేటరుకు నెగటివు కొన కలపాలి. తిరగేయకుండా బిగించి వైరు తగిలిస్తే చాలు, డయోడ్లు తక్షణం మాడిపోతాయి. బ్యాటరీ కొనల లావులు వేరు గనక వైర్ల చివర పట్టీలు మార్చాం. ఇగ్నిషను కాయిలు వైర్లు అటుది ఇటు వేశాం. ఇంజను చుట్లు చూపే మీటరు కూడా కరెంటు దారి చూసుకునేదే. మీటర్లు బాగుచేసే అతనికిచ్చి లోపలి తీగలు మార్పించాం.

రెండోది ఇంకా ప్రమాదం. 22 ఆంపియర్లకు వేసిన తీగలో 45 పారిస్తే అది వేడెక్కుతుంది. అరవై ఏళ్ల నాటి తీగ, పక్కనే పెట్రోలు. ఆల్టర్నేటరు నుంచి స్టార్టరు సాలెనాయిడు దగ్గర బ్యాటరీ వైరు చేరే కొనకు కొత్తగా లావుపాటి వైరు, మధ్యలో ఫ్యూజు వేసేదాకా ముసలాయన నన్ను తాళంచెవి ముట్టుకోనివ్వలేదు. బ్రాకెట్లు బిగించి పుల్లీలు ఒక వరసలోకి తేవడానికి మాత్రం ఒక పూట చాలింది.

ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగా దీపాలు, హీటరు, వైపర్లు అన్నీ వేసి బ్యాటరీ దగ్గర వోల్టుమీటరు పెడితే పదమూడున్నర దాటి నిలబడింది. మా ఆవిడ బ్యాటరీ చూడలేదు. హీటరు దగ్గర చేతులు పెట్టి, "ఇంతేనా దీని వేడి?" అంది. దానికి ఆల్టర్నేటరు ఏం చెయ్యగలదు!

ఈ మార్పు చేసుకునేవారికి ఇంకొక్క విషయం. డాష్‌బోర్డు మీది ఇగ్నిషను దీపం ఇప్పుడు అలంకారం కాదు. కారు స్టార్టు చేసేటప్పుడు ఆల్టర్నేటరును మేల్కొలిపే కరెంటు ఆ బల్బు గుండానే పోతుంది. అది మాడితే ఆల్టర్నేటరు లేవకపోవచ్చు. అలాంటి బల్బే ఇంకొకటి కొని, దూదిలో చుట్టి, కారులోనే ఉంచుకోండి.