మాట నిలవాలంటే గుంత మనిషిలోతు ఉండాలి

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి: సెల్‌ఫోనులో మాట గాలిలో పోతుందని చాలామంది అనుకుంటారు. గాలిలో పోయేది ఊరి దగ్గరి టవరు దాకానే. అక్కడి నుంచి చాలాచోట్ల అది భూమిలోకి దిగి, వెంట్రుక మందం గాజుపోగు వెంట పట్నం చేరుతుంది. ఆ పోగులున్న కేబుల్‌ను కాపాడే గొట్టం మన రోడ్ల పక్కన, చెలకల గట్ల వెంట, వాగుల అడుగున పడి ఉన్నది. దానిపై జేసీబీ పన్ను ఒక్కసారి దిగితే మీసేవ కేంద్రంలో కంప్యూటరు ఆగిపోతుంది. బ్యాంకు మిత్ర మిషనులో వేలిముద్ర పడదు. డబ్బుల కోసం వచ్చిన ముసలమ్మ పొద్దుగూకే దాకా అరుగు మీద కూర్చోవలసిందే.

తప్పెవరిదని అడిగితే అందరూ జేసీబీ డ్రైవరునే చూపిస్తారు. అతడి తప్పు లేదని కాదు. అయితే అసలు తప్పు అంతకు ఎన్నో నెలల ముందే, గొట్టం పూడ్చిన నాడే జరిగి ఉండవచ్చు.

పంచాయతీలకు గాజుపోగు కేబుల్ తేవాలని కేంద్ర ప్రభుత్వం 2011లో నిర్ణయించింది. ఆ పథకానికే తరువాత భారత్‌నెట్ అని పేరు పెట్టారు. మన రాష్ట్రంలో దీనికి టీ-ఫైబర్ తోడయింది. 2016 ఆగస్టులో గజ్వేల్ దగ్గర కోమటిబండలో ప్రారంభమైన మిషన్ భగీరథ మంచినీటి పైపుల కోసం ఎలాగూ ఊరూరా కాలువలు తవ్వుతున్నారు కనుక, అదే గుంతలో కేబుల్ గొట్టం కూడా వేయాలన్నది అప్పటి ఆలోచన. ఒక్క తవ్వకంతో రెండు పనులు. అదే ఏడాది అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లా నుంచి ఈ మూడు జిల్లాలు విడివడ్డాయి.

ఆలోచన మంచిదే. దానిలో ఒక చిక్కు మాత్రం ఉన్నది. నీళ్ల పైపు పగిలి లీకైతే బాగు చేయడానికి మళ్లీ తవ్వేది అదే గుంత. పారపట్టిన మనిషికి పక్కన ఇంకో గొట్టం ఉన్నదని తెలియకపోతే నీళ్లు వస్తాయి గాని మాట ఆగుతుంది.

వెనుకటి రోజులలో టెలిఫోన్ శాఖ వారు రాగితీగల కేబుల్‌ను నేరుగా మట్టిలో పరచి పైన ఇటుకలు పేర్చేవారు. గడ్డపార ఇటుకకు తగిలి టంగుమంటే తవ్వేవాడు ఆగేవాడు. రాగి కోసం దొంగలు కోసుకుపోయేవారు గాని, తెగిన తీగలను ముడివేసి అతకడం లైన్‌మెన్‌కు తెలిసిన విద్యే. గాజుపోగు అలా అతుకబడదు. మిషనులో రెండు కొసలనూ ఎదురెదురుగా పెట్టి, కరిగించి అతకాలి. గాలి దుమారంలోనో వానలోనో ఆ పని చేయాలంటే గుంతపై గుడారం వేసుకోవాలి. అందుకే ఈ కేబుల్‌ను ఉత్తగా పూడ్చరు, ముందు గొట్టం వేస్తారు.

గొట్టం నల్లా పైపు లాంటి ప్లాస్టిక్‌దే గాని అంతకంటే గట్టిది. ఎక్కువగా వాడేది పై కొలత 40 మిల్లీమీటర్లు, లోపలి కొలత 33 మిల్లీమీటర్లు ఉన్న రకం. కిలోమీటరు పొడవున చుట్టలు చుట్టలుగా వస్తుంది. లోపలి గోడకు తయారీలోనే ఒక జారుడు పొర వేసి ఉంటారు. గొట్టం పూడ్చిన తరువాత ఒక చివర కంప్రెసర్ పెట్టి గాలి ఊదుతూ కేబుల్‌ను లోపలికి తోస్తారు. ఆ గాలికి కేబుల్ తేలుతూ ఒక్క ఊపులో కిలోమీటరుకు పైగా పోతుంది. అలా పోవాలంటే గొట్టం ఎక్కడా మడత పడకూడదు, నలగకూడదు. మలుపు వచ్చినచోట వారగా తిప్పాలి గాని మోచేయిలా వంచితే కేబుల్ అక్కడే నిలిచిపోతుంది. మళ్లీ తవ్వుడే.

ఇక లోతు. టెలికాం పనులలో మామూలు మట్టినేలలో ఈ గొట్టానికి పెట్టుకున్న కొలత 1.65 మీటర్లు, అంటే సుమారు అయిదడుగుల అయిదంగుళాలు. టేపు అక్కరలేదు. నడి ఎత్తు మనిషి గుంతలో దిగి నిలబడితే నడినెత్తి నేలకు సమంగా రావాలి. భుజాలు కనబడుతున్నాయంటే ఒక అడుగు ఎగవేసినట్టే. ట్రాక్టరు నాగలి దిగేది అడుగు, అడుగున్నర. నీళ్ల పైపు పడేది సుమారు గజం లోతున. మనిషిలోతులో ఉన్న గొట్టం జోలికి ఇవేవీ రావు. నడుములోతులో ఉన్న గొట్టానికి ప్రతి పారా శత్రువే.

మరి రాయి తగిలితే? జనగామ వైపు ఇది రోజూ ఉండే ప్రశ్న. రఘునాథపల్లి, స్టేషన్ ఘన్‌పూర్, జఫర్‌గఢ్ మండలాలలో పైన ఎర్ర చెలక, కొంచెం తవ్వితే మొరం, దాని కింద నల్లరాతి బండ. బండ వచ్చినచోట లోతు తగ్గించుకోవచ్చునని నిబంధన ఒప్పుకుంటుంది, కాని దానికి బదులు ఇవ్వాలి. ప్లాస్టిక్ గొట్టాన్ని ఇనుప గొట్టంలోనో, గట్టి ముడతల గొట్టంలోనో దూర్చాలి. లేదా చుట్టూ కాంక్రీటు పోయాలి. లోతు తగ్గిన కొద్దీ కవచం పెరగాలన్న మాట. చిక్కు ఏమిటంటే బండ తవ్వకానికి రేటు ఎక్కువ, లోతు తక్కువ. ఇలాంటి లెక్క ఉన్నచోట మెత్తని చెలకలో కూడా కాగితం మీద బండ లేచే ప్రమాదం ఉంటుంది. గుంత తెరిచి ఉండగా చూసిన వారికే ఆ సంగతి తెలుస్తుంది. పూడ్చిన తరువాత అన్ని గుంతలూ ఒకటే.

పూడ్చడంలో కూడా పద్ధతి ఉన్నది. గొట్టం మీద మొదట రాళ్లు లేని మెత్తటి మట్టి వేయాలి. సగం లోతు నిండాక కింద కేబుల్ ఉన్నదని రాసిన రంగు టేపు పరచాలి. ఇటుక చేసిన పనిని ఇప్పుడు ఈ టేపు చేస్తుంది. ఆ పైన పొరలు పొరలుగా మట్టి పోసి కొట్టాలి. కొట్టకుండా కుప్ప పోసి పోతే మొదటి వానకే కుంగి, రాత్రిపూట మోటారు సైకిలు మీద వచ్చేవాడి చక్రం అందులో దిగుతుంది. చిట్యాల, రేగొండ వైపు పత్తి పండే నల్లరేగడిలో ఇంకో బాధ. ఎండాకాలం నేల బీటలు వారి గుంజుతుంది, వానాకాలం ఉబ్బుతుంది. గొట్టాల కీళ్లు గట్టిగా బిగించకపోతే ఊడివచ్చి లోపలికి బురద చేరుతుంది.

మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలలో పెద్ద పరీక్ష నీటిది. 2023 జులై 27న మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచిన సంగతి ఎవరూ మరువలేదు. మరుసటి ఏడాది 2024 సెప్టెంబరు 1 నాటి వరదకు ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలుకట్ట మట్టి కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. రైలుకట్టనే కోసుకుపోయిన నీరు కల్వర్టు పక్కన మూడడుగుల లోతున పెట్టిన గొట్టాన్ని వదులుతుందా? వాగు దాటించడానికి రెండు దారులున్నాయి. వంతెన గోడకు ఇనుప గొట్టం బిగించి దానిలో నుంచి తీసుకుపోవడం ఒకటి. వాగు అడుగుకంటే బాగా కిందుగా, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు మిషనుతో అడ్డంగా బెజ్జం కొట్టి గొట్టం లాగడం రెండవది. రోడ్డు పగలకుండా దాటించడానికి వాడేది కూడా ఈ మిషనే. ఖర్చు ఎక్కువ కనుక చిన్న వాగుల దగ్గర చేయి ముడుచుకుంటారు. తీరా వరద వచ్చాక తెగేది చిన్న వాగుల దగ్గరే.

కొత్తగూడ, గంగారం, పలిమెల వంటి అడవి మండలాల కథ వేరు. అక్కడ తవ్వాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. అది వచ్చేదాకా ఆగలేక స్తంభాల మీద నుంచి కేబుల్ లాగడం సులువుగా కనబడుతుంది. కాని 2024 ఆగస్టు 31న పక్కనే ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో వీచిన గాలికి వేలాది చెట్లు నేలకూలాయి. అలాంటి గాలిలో స్తంభం మీది తీగ గతి చెప్పనక్కరలేదు. కోతుల బెడద సరేసరి. వారణాసిలో గంగ ఒడ్డున వేసిన కేబుళ్లను కోతులు కొరికివేసిన సంగతి 2015లో పత్రికలకెక్కింది. మన ఊళ్ల కోతులు అంతకంటే మంచివేమీ కావు.

పని సరిగా జరిగిందా లేదా అన్నది కేబుల్ వేయకముందే తేల్చే పరీక్ష ఒకటి ఉన్నది. ఊళ్లో ఎవరైనా నిలబడి చూడవచ్చు. ముందు గొట్టంలోకి స్పాంజి ముక్క ఊదుతారు. మట్టి, నీరు ఉంటే తోసుకొని వస్తుంది. తరువాత గొట్టం లోపలి కొలతలో సుమారు అయిదింట నాలుగు వంతుల లావున్న చెక్కముక్కను ఊదుతారు. అది అవతలి కొసన బయటపడితే గొట్టం ఎక్కడా నలగలేదన్న మాట. ఆఖరున రెండు చివరలూ బిగించి గాలి నింపి ఉంచుతారు. ముల్లు దిగితే ఎక్కడో కీలు వదిలినట్టు. ఇవి లేకుండా బిరడా బిగించి పోయారంటే గొట్టం వేసినట్టు లెక్క రాస్తారు గాని, అందులో కేబుల్ పోతుందో లేదో దేవుడికే తెలియాలి.

తవ్వేవారి బాధ్యత మాటకు వస్తే, 2023 జనవరి నుంచి కొత్త నిబంధనలు వచ్చాయి. భూమి తవ్వదలచిన సంస్థ ముందుగా కేబుళ్ల వారికి తెలియజేయాలి, నష్టం చేస్తే కట్టాలి. ఇందుకోసం ‘కాల్ బిఫోర్ యు డిగ్’ అనే ఫోను యాప్‌ను ప్రధానమంత్రి అదే ఏడాది మార్చి 22న ప్రారంభించారు. ఎక్కడ తవ్వేదీ అందులో నమోదు చేస్తే అక్కడ గొట్టాలున్న వారికి సమాచారం పోతుంది. బాగానే ఉన్నది. కాని గంటల లెక్కన కిరాయికి వచ్చే జేసీబీకి యాప్ చూసే తీరిక ఎక్కడిది? రోడ్డు పక్కన సుమారు రెండు వందల మీటర్లకు ఒకటి చొప్పున పాతవలసిన గుర్తురాయే అతడికి యాప్. ఆ రాయి ముళ్లకంపలో పడి ఉన్నచోట, ఎవరో బర్రెను కట్టేయడానికి పెరికి తీసుకుపోయినచోట అతడు మాత్రం ఏం చేస్తాడు?

2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం భారత్‌నెట్‌ను మార్చి 1,39,579 కోట్ల రూపాయలతో ఆమోదించింది. ఇందులో మండలం నుంచి పంచాయతీలకు కేబుల్‌ను ఒంటి తోకలా కాక, గాజులా గుండ్రంగా తిప్పాలని ఉన్నది. ఒకచోట తెగినా మాట రెండవ వైపు నుంచి వస్తుంది. అంటే మళ్లీ తవ్వకాలుంటాయి. ఈసారైనా గుంత తెరిచి ఉన్న రోజునే వార్డు సభ్యుడో, కారోబారో దగ్గర నిలబడి లోతు ఎంత, బడి గోడకు ఎన్ని అడుగుల దూరం, నీళ్ల ట్యాంకుకు ఏ పక్క అన్నది పంచాయతీ పుస్తకంలో రాసి పెట్టుకోవచ్చు. పైన సీసీ రోడ్డు పోశాక ఆ గొట్టం ఎక్కడున్నదో చెప్పడానికి ఊళ్లో ఆ కాగితం తప్ప మరొకటి ఉండదు.