రాడ్డు తగిలించారా సార్?

కొత్తగా చేరిన ఏఈలను, అంటే అసిస్టెంట్ ఇంజినీర్లను, మొదటిరోజు నేను క్లాసులో కూర్చోబెట్టను. సబ్‌స్టేషన్ యార్డులోకి తీసుకెళ్లి, పవర్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నిలబెట్టి, అయిదు నిమిషాలు మాట్లాడకుండా వినమంటాను. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. ఆ ఊపుకి లోపలి ఇనప రేకులు సెకనుకు 100 సార్లు సాగి ముడుచుకుంటాయి. గుయ్యిమనే ఆ మోత రోజూ విన్నవాడికే, అది మారిన రోజు తెలుస్తుంది.

కరెంటు శాఖలో మనుషుల కొరత అనగానే అందరూ డిగ్రీల లెక్క తీస్తారు. డిగ్రీలకేం తక్కువ? తక్కువైంది మధ్యతరం. నేను పనిచేసిన చోట ఏళ్ల తరబడి నియామకాల్లేవు. చివరికి పిల్లలు ఒక్కసారిగా గుంపుగా వచ్చారు. ఆ ఏడాదే పాతవాళ్లం మూటాముల్లె సర్దుకున్నాం. పదేళ్ల అనుభవమున్నవాడు ఒక్కడు పక్కన నడిస్తే చాలు, పని దానంతటదే వస్తుంది. వాడే లేడు. అందుకే రిటైరయ్యాక కూడా నన్ను పిలుస్తుంటారు.

నా పక్కన నడిచినవాడు ఓ ముసలి ఆపరేటరు. నా తొలి ఏడాది, 132 కేవీ లైన్ మీద పనికి ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్, ఇవ్వాల్సి వచ్చింది. బ్రేకర్ తీయించాను. దాని కాంటాక్టులు లోపలెక్కడో ఉంటాయి, విడిపోయాయో లేదో కంటికి కనపడవు. అందుకే ఐసోలేటర్ కూడా తెరిచి, బ్లేడ్లు ఎడంగా ఉన్నాయని చూసుకున్నాను. ఇక సంతకం పెట్టబోతున్నాను.

“రాడ్డు తగిలించారా సార్?” అన్నాడు.

ఎర్త్ రాడ్ వైరు దగ్గరికి చేర్చాడో లేదో, చిటచిటమని నిప్పురవ్వ. అవే టవర్ల మీద రెండో సర్క్యూట్ నడుస్తోంది. దాని ప్రభావంతో చచ్చిందనుకున్న మా లైన్‌లోకీ వోల్టేజీ ఎక్కింది. ఇండక్షన్ గురించి పరీక్షలో పేజీలు రాసి మార్కులు కొట్టినవాణ్ణి నేను!

అయితే అన్నీ పాతవాళ్లకే తెలుసంటే ఒప్పుకోను. కరెంటు పోయినప్పుడు ఇంట్లో జనరేటర్‌ను సరైన చేంజోవర్ స్విచ్ లేకుండా కలిపితే, దాని కరెంటు వీధి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెనక్కి వెళ్లి 11 కేవీగా పైకి లేస్తుంది. స్తంభం మీద లైన్‌మన్ ఉంటాడు. ఇంటికప్పు సోలార్ ఇన్వర్టర్ అలా కాదు, గ్రిడ్ పోతే తనంతట తానే ఆగేలా తయారుచేస్తారు. ఎలా ఆగుతుందో నాకు విడమరిచి చెప్పింది పోయినసారి బ్యాచ్ అమ్మాయే. అప్పట్నుంచి సీనియర్ లైన్‌మన్లనూ కొత్త ఏఈలనూ ఒకే బెంచీ మీద కూర్చోబెడుతున్నాను.

ఆ అమ్మాయే బ్రీదర్ ముందు తెల్లమొహం వేసింది. కాలేజీ ల్యాబులోని బుల్లి ట్రాన్స్‌ఫార్మర్‌కి నూనే ఉండదు, ఇక బ్రీదర్ ఎక్కడిది? నూనె వేడెక్కి చల్లారుతుంటే పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ గాలి వదిలి పీలుస్తుంది. ఆ గాలిలో తేమను పట్టేవి గాజుగొట్టంలోని సిలికా జెల్ గింజలు. నీలంగా ఉంటే సరే. ఆరోజు గులాబీ రంగుకు తిరిగి ఉన్నాయి.

“పారేసి కొత్తవి పోయించనా సార్?” అంది.

నేను నోరు తెరిచేలోపే అక్కడి ఆపరేటరు అందుకున్నాడు. “పారేయడమెందుకు మేడమ్, మూకుట్లో వేయిస్తే మళ్లీ నీలమవుతాయి.”

“ఎంతసేపు?” అంటూ నోట్‌బుక్ తీసింది.

“రంగు తిరిగేదాకా. వంటింటి మూకుడు మాత్రం కాదండోయ్!”