ఒసేజ్ నేల మీద నల్లసున్నాలు

ఓక్లహోమాలో నేనుండే టల్సాకి వాయవ్యంగా ఒసేజ్ కౌంటీ. ‘కిల్లర్స్ ఆఫ్ ది ఫ్లవర్ మూన్’ సినిమా చూసినవాళ్లకి పేరు తెలిసే ఉంటుంది. అక్కడ పైనేల ఎవరిదైనా, కింద ఉన్న చమురు 1906 నాటి చట్టం ప్రకారం ఒసేజ్ తెగ ఉమ్మడి ఆస్తి. మ్యాపులు నా ఉద్యోగం కనక, ఆ కౌంటీ పాత టోపో షీట్లు ఎన్నిసార్లు తెరిచానో లెక్కలేదు.

షీటులో ఒక అంగుళం అంటే నేల మీద రెండు వేల అడుగులు. గోధుమరంగు గీతలు ఎత్తుపల్లాలు, నీలం వాగులు, పచ్చ చెట్లు. ఎర్రగీతలు పొలాల్ని మైలు చదరాలుగా కోస్తాయి. చదరానికి 640 ఎకరాలు. వాటి మధ్య అక్కడక్కడా నల్లటి చిన్న సున్నాలు, లోపల ఖాళీ. ఒక్కో సున్నా ఒక చమురు బావి.

అమెరికా జియలాజికల్ సర్వే 1947 నుంచి 1992 దాకా ఈ రకం షీట్లు వేసింది. విమానం నుంచి తీసిన ఫొటోలు చూసి గీసేవారు, తర్వాత మనుషులు ఊళ్లమ్మట తిరిగి సరిచూసేవారు. బావుల జాబితా రాయమని వాళ్లకెవరూ చెప్పలేదు. దారిలో కనపడ్డవాటిని ఓపిగ్గా గుర్తుపెట్టి పోయారంతే.

ఆ ఓపికే ఇప్పుడు అక్కరకొచ్చింది. చమురు ఎండిపోయిన బావుల్ని పాతరోజుల్లో చాలామంది అలాగే వదిలేసి పోయారు. కొందరు చెట్ల మొద్దులూ రాళ్లూ కుక్కి చేతులు దులుపుకున్నారు. ఇనపగొట్టం పీకి తుక్కుకి అమ్మేసుకున్నచోట అయస్కాంత పరికరం తిప్పినా ఏమీ దొరకదు. యజమాని లేడు, కాగితం లేదు. అలాంటి బావి నుంచి మీథేన్ కారొచ్చు, నూతినీళ్లు పాడవ్వచ్చు.

లారెన్స్ బర్క్‌లీ లాబొరేటరీ వాళ్లు ఆ సున్నాని పసిగట్టడం కంప్యూటరుకి నేర్పారు. ఎత్తు చెప్పే అంకెల్లోనూ సున్నాలుంటాయి మరి, అది చిన్న పనేం కాదు. ఓక్లహోమాలో రెండు, కాలిఫోర్నియాలో రెండు కౌంటీల షీట్లు వెతికితే, రికార్డులకెక్కని బావులు అయ్యుండొచ్చని 1,301 చోట్లు తేలాయి. 2024లో ఆ సంగతి ప్రకటించారు. ఒసేజ్ ఆ నాలుగింట్లో ఒకటి.

నాలాంటివాళ్లకి తెలిసిన చిక్కు ఒకటుంది. ఆ షీట్లలో చాలావాటి అక్షాంశ రేఖాంశాలు 1927 నాటి లెక్క. సవరించకుండా ఫోన్లో కొట్టి బయల్దేరితే బావికి పదుల మీటర్ల దూరంలో నిలబడతారు.

ఓక్లహోమాలోనో టెక్సస్‌లోనో స్థలం కొనబోయే మనవాళ్లకి ఒక మాట. స్కూలు రేటింగుతో పాటు ఆ చోటి పాత షీటు కూడా చూడండి. జియలాజికల్ సర్వే వారి టోపోవ్యూలో ఉచితంగానే దొరుకుతుంది. సున్నా కనపడితే పునాది తవ్వకముందే రాష్ట్ర చమురు శాఖని అడగండి.