రాసే చేతికి సెలవు ఎవరిస్తారు?

బట్టల కొట్లో గుమాస్తాకి వారానికో రోజు సెలవుంటుంది. మిల్లులో పనిచేసే కార్మికుడికి ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ఉంటుంది. బడిపంతులుకి వేసవి సెలవులుంటాయి. ఇంట్లో కూర్చుని పత్రికలకు కథలూ, వ్యాసాలూ, సీరియళ్ళూ రాసి పంపేవారికి ఇవేవీ లేవు. రాస్తే పారితోషికం, రాయకపోతే లేదు. నడుం పట్టేసినా, జ్వరం కాసినా "రెండ్రోజులు పడుకోవయ్యా" అనే యజమాని లేడు. "నీకేం, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు" అంటారు ఉద్యోగస్తులు. నిజమే. కానీ ఎవరూ అడగరు కాబట్టే రచయిత జబ్బు ముదిరేదాకా బయటపడదు.

నరసరావుపేట, మాచర్ల, గురజాల వంటి పల్నాటి ఊళ్ళలో రాసేవారిలో చాలామందికి రాత రెండో పని. పగలు బడిలోనో, కోర్టులోనో, పొలంలోనో, వంటింట్లోనో గడిచిపోతుంది. అందరూ పడుకున్నాక కాగితాలు బయటికొస్తాయి. ఇది ఈనాటి మాట కాదు. 1895లో వినుకొండలో పుట్టిన మహాకవి గుర్రం జాషువా కూడా బతుకుతెరువుకు మూకీ సినిమాలకు కథ చెప్పారు, పంతులుగా పనిచేశారు, తర్వాత మద్రాసు రేడియోలో చేశారు. రెండు పనులు చేసే ఒంటికి విశ్రాంతి ఎక్కువ కావాలి. దొరికేది మాత్రం తక్కువ.

రాతపని వల్ల వచ్చే జబ్బుల్ని గురించి ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని 1713లోనే రాశాడు. లేఖకుల బాధలకు ఆయన చెప్పిన కారణాలు మూడు: కదలకుండా కూర్చోవడం, చేతిని ఒకే తీరున ఆడించడం, మనసు మీద ఎడతెగని ఒత్తిడి. కలం పోయి సెల్‌ఫోనూ, కంప్యూటరూ వచ్చినా ఆ మూడూ అలాగే ఉన్నాయి.

కూర్చునే తీరు

మంచం మీద బోర్లా పడుకుని రాయడం, ఒళ్ళో అట్ట పెట్టుకుని వంగి రాయడం మన రచయితలకు అలవాటు. మెడనొప్పికి, నడుంనొప్పికి ఇంతకన్నా దగ్గరి దారి లేదు. వెనుక ఆనుడున్న కుర్చీ వేసుకోండి. పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి. నడుం వెనుక చిన్న దిండు పెట్టుకోండి. పూర్వం షావుకారు కొట్లలో గుమాస్తాలు వాలుగా ఉన్న రాతబల్ల వాడేవారు. అది చాదస్తం కాదు. కాగితం కంటికి ఎదురుగా వస్తుంది, మెడ వంగదు. ల్యాప్‌టాప్ వాడేవారు దాని కింద నాలుగు లావుపాటి పుస్తకాలు పెట్టి, కీబోర్డు వేరేగా తగిలించుకుంటే అదే ఫలితం.

ఎంత మంచి కుర్చీ అయినా గంటల తరబడి కూర్చోవడానికి కాదు. అరగంటకోసారి లేచి వీధి గుమ్మందాకా వెళ్ళి రండి. పేజీ పూర్తయ్యాక లేద్దామంటే ఆ పేజీ ఎప్పటికీ పూర్తికాదు. నడుంనొప్పితోపాటు కాలు తిమ్మిరెక్కి బలం తగ్గినా, మూత్రం మీద అదుపు తప్పినా తైలాలు రాసుకుంటూ కూర్చోకండి. వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

చెయ్యి, కళ్ళు

రాత్రి నిద్రలో బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి మెలకువ వస్తోందా? చెయ్యి విదిలిస్తే తగ్గుతోందా? మణికట్టు దగ్గర నరం నొక్కుకుంటోందన్నమాట. షుగరు, థైరాయిడ్ జబ్బులున్నవారిలో ఇది ఎక్కువ. మొదట్లోనే వస్తే మణికట్టుకు పట్టీ, కొన్నాళ్ళ విశ్రాంతి సరిపోవచ్చు. బొటనవేలి మొదట్లో కండ కరిగిపోయేదాకా ఆగితే పూర్వపు బలం రావడం కష్టం. ఇంకొకటి ఉంది: మిగతా పనులన్నీ చక్కగా చేసే చెయ్యి కలం పట్టగానే బిగుసుకుపోతుంది. ఇది సోమరితనం కాదు, దిష్టి అంతకన్నా కాదు. దీన్ని నరాల డాక్టరుకు చూపించుకోవాలి.

కంప్యూటరు ముందు కూర్చుంటే మనకు తెలియకుండానే రెప్ప వేయడం తగ్గిపోతుంది. అందుకే ఆ మంటలు. ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరంలోని వేపచెట్టునో, ఎదురింటి అరుగునో ఇరవై సెకన్లు చూడండి. నలభై దాటినవారు కళ్ళజోడు వాయిదా వేస్తే తలనొప్పి మిగులుతుంది.

ఇక్కడే ఒక ముఖ్యమైన హెచ్చరిక. రాస్తూ రాస్తూ ఉన్నట్టుండి చేతిలోంచి కలం జారిపోయినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా "నీరసం, పడుకుంటే తగ్గుతుంది" అనుకోకండి. అది పక్షవాతం కావచ్చు. మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజక్షను నాలుగున్నర గంటల లోపల ఇస్తేనే సాధారణంగా పనిచేస్తుంది. వెంటనే 108కి ఫోన్ చేయించండి.

టీ, సిగరెట్టు, రాత్రి జాగారం

టీ లేకపోతే కలం కదలదంటారు చాలామంది. కప్పుకి రెండు చెంచాల పంచదార చొప్పున రోజుకి ఎనిమిది టీలు తాగితే పదహారు చెంచాలు, అంటే రమారమి అరవై, డెబ్భై గ్రాములు. పెద్దవాళ్ళు రోజుకు యాభై గ్రాములు మించవద్దనీ, పాతిక లోపు ఉంటే మరీ మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. టీ మానమని కాదు. మూడు కప్పులకు తగ్గించండి, పంచదార సగం చేయండి, సాయంత్రం నాలుగు తర్వాత ఆపండి. టీలోని ఉత్తేజపదార్థం సగం కరగడానికే అయిదారు గంటలు పడుతుంది. సిగరెట్టుకు మాత్రం సర్దుబాటు లేదు, మానాల్సిందే. గుట్కా, ఖైనీలూ అంతే.

రాత్రి రెండు దాకా రాసి ఆరింటికి లేచి బడికి పరుగెత్తడం వీరత్వం కాదు. ఏడు గంటల నిద్ర లేనివాడి రక్తపోటు పెరుగుతుంది, వాక్యమూ కుంటుతుంది. రాత్రి పదికి పడుకుని తెల్లవారుజామున అయిదుకి లేచి రాసి చూడండి. ఇల్లు అప్పుడూ నిశ్శబ్దంగానే ఉంటుంది.

పల్నాటి ఎండ, పల్నాటి నీళ్ళు

రాష్ట్రంలో ఎండలు మండిపోయే ఊళ్ళ పేరు చెప్పమంటే రెంటచింతల ముందు గుర్తొస్తుంది. నలభై అయిదు డిగ్రీలు దాటడం అక్కడ కొత్త కాదు. అంత వేడిలో ఫాను వడగాలినే మీదకి తోస్తుంది. తడిబట్టతో ఒళ్ళు తుడుచుకుని ఫాను కింద కూర్చుంటే మేలు. వేసవిలో కొత్త రచన ఉదయమే ముగించి, మధ్యాహ్నం ప్రూఫులు, సాపు రాత వంటి తేలిక పనులు పెట్టుకోండి. దాహం వేసేదాకా ఆగకుండా బల్ల మీద నీళ్ళ చెంబు ఉంచండి, మజ్జిగ తాగండి. మూత్రం ముదురు పసుపుగా వస్తే నీళ్ళు చాలడం లేదని గుర్తు. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు ఎంత తాగాలో డాక్టరునడగాలి.

పల్నాడులో కొన్ని గ్రామాల బోరునీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే పళ్ళు గారపట్టడం, మెడ, నడుం, కీళ్ళు బిగుసుకుపోవడం జరుగుతుంది. రచయిత ఆ నొప్పిని కూర్చోవడం వల్లే అనుకుంటాడు. ఇంట్లో కూర్చోని వారికీ అదే నొప్పి ఉంటే నీళ్ళని అనుమానించండి. మరిగిస్తే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. నీళ్ళు పరీక్ష చేయించి, ఫ్లోరైడ్ తక్కువున్న నీళ్ళే తాగడానికీ వంటకీ వాడండి.

తిరిగొచ్చిన కథ

రచన తిరిగొచ్చిన రోజు అన్నం సయించదు. అచ్చయినా డబ్బు రాకపోతే ఇంట్లో మొహం చూపలేరు. ఈ బాధ నిజమైనదే, దాచుకోనక్కర్లేదు. ఒక రిజిస్టరు పెట్టండి: ఏ రచన, ఎప్పుడు, ఎక్కడికి పంపారు, ఏమైంది, పారితోషికం ఎంత రావాలి. ఎప్పుడూ రెండు మూడు రచనలు పరిశీలనలో ఉండేలా చూసుకుంటే ఒక్కటి తిరిగొచ్చినా లోకం తలకిందులు కాదు. వారానికోసారి గ్రంథాలయంలోనో, టీకొట్టు దగ్గరో తోటి రచయితల్ని కలవండి. రాతకు ఏకాంతం కావాలి, బతుక్కి అక్కర్లేదు.

రెండు వారాలపాటు దేని మీదా ఆసక్తి లేకపోయినా, నిద్ర పట్టకపోయినా, బతుకు మీద విరక్తి కలిగినా దాన్ని కవిహృదయం అనుకోకండి. అది జబ్బు, మందుంది. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బులేమీ అడగరు.

మీకు మీరే మేనేజరు

అందిన ప్రతి పారితోషికంలో పదోవంతు ఆరోగ్యానికని విడిగా వేయండి. బియ్యం కార్డున్న కుటుంబాలకు 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం ఉంది గదా అనవచ్చు. అది ముఖ్యంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకు. రోజూ వేసుకునే మాత్రల సంగతి మీరే చూసుకోవాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో బి.పి., షుగరు పరీక్షలు, మాత్రలు ఉచితం. మొహమాటపడకుండా వెళ్ళండి.

ఈ వారం నుంచే మొదలుపెట్టవలసినవి ఇవి:

1. రోజూ అరగంట నడక. ఎండాకాలంలో ఆరింటిలోపే.

2. అరగంటకోసారి కుర్చీ లోంచి లేవడం.

3. ముప్ఫై దాటినవారు ఏడాదికోసారి బి.పి., షుగరు పరీక్ష. బి.పి. 140/90, పరగడుపున షుగరు 126 దాటితే డాక్టరు సలహా.

4. రాత్రి పదిన్నరకు లైటు ఆర్పడం.

5. వారానికొక పూట పూర్తి సెలవు. ఆ పూట కాగితం ముట్టకూడదు.

చివరిదే కష్టం. "సంపాదకుడు సోమవారానికి అడిగారండీ" అంటారు. గడువు ఒప్పుకునేటప్పుడే ఆ సెలవు పూట తీసేసి లెక్కవేసుకోండి. గుమాస్తాకి షావుకారు ఇచ్చే సెలవు మీకు మీరే ఇచ్చుకోవాలి. ఇచ్చుకోకపోతే ఏదో ఒకనాడు ఆసుపత్రి మంచం ఇప్పిస్తుంది. అప్పుడది ఒక పూటతో పోదు.