పొట్టి మాటలు... గట్టి పనులు!

'మెట్రో ఎక్కి వచ్చెయ్' అంటుంది స్నేహితురాలు. ఏ మెట్రో? హైదరాబాదులో 2017 నవంబరు దాకా ఈ చిక్కే లేదు. మెట్రో అంటే మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సే. ఇప్పుడు పైన పోయే రైలూ మెట్రోయే, కింద పోయే బస్సూ మెట్రోయే! బస్సులో తెలంగాణ మహిళలకు పైసా ఖర్చు లేదు. రైల్లో మాత్రం డబ్బు కట్టాల్సిందే. అందుకే 'బస్సా, రైలా?' అని ముందే అడగండి.

2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలయ్యాక 'జీరో టికెట్' అన్న మాట అందరి నోటా నానింది. 'ఉచితమేగా, ఇక టికెట్టెందుకు?' అనుకోకండి. ఆ టికెట్ల లెక్క చూసే ప్రభుత్వం ఆర్టీసీకి మన చార్జీ కడుతుంది. గుర్తింపు కార్డు చూపించి జీరో టికెట్ అడిగి తీసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తిలోనూ ఇదే పద్ధతి.

కండక్టరు 'హోల్డాన్' అంటే బస్సు ఆపమని, 'రైట్ రైట్' అంటే పోనిమ్మని. మీరింకా మెట్టు మీద ఉండగానే 'రైట్' వినబడిందా? మొహమాటం వద్దు. 'హోల్డాన్!' అని మీరే గట్టిగా కేకేయండి.

బస్సు దిగి ఆఫీసులో అడుగు పెడితే అక్కడ ఇంకో భాష. 'నన్ను సీసీలో పెట్టు' అంటారు. సీసీ అంటే కార్బన్ కాపీ. టైపు మిషన్ల రోజుల్లో కాగితాల మధ్య కార్బన్ పెట్టి తీసిన నకలు. కార్బన్ పోయినా మాట మిగిలింది. మీరు చేసిన పని వేరొకరి ఖాతాలో పడకూడదనుకుంటే, ఆ మెయిల్ పై అధికారికీ సీసీ చేయండి. బీసీసీలో పెట్టిన పేరు మాత్రం మిగతావాళ్లకు కనబడదు. కోపంలో జవాబు రాసేటప్పుడు ఇది గుర్తుంచుకోండి!

అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సిన మాట ఓటీపీ. ఒక్కసారికే పనికొచ్చే తాళంచెవి అది. బ్యాంకు నుంచి అంటూ ఎవరు ఎంత తియ్యగా అడిగినా చెప్పొద్దు. ఒకవేళ డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

ఈ పొట్టి మాటలు పుట్టుకతో ఎవరికీ రావు. ఇంట్లో అత్తగారు అడిగితే విసుక్కోకుండా చెప్పండి. ఆఫీసులో మీకు తెలియకపోతే పక్కావిణ్ని అడగండి. అడగడంలో నామోషీ ఏముంది? అర్థం కాకుండా తలూపితేనే నష్టం!