సుత్తి చప్పుడు ఆగితే...

కొండదారి అనగానే మనకు ఆయాసం గుర్తొస్తుంది. కానీ స్విట్జర్లాండులోని వాలే అనే ప్రాంతంలో, ఆల్ప్స్ పర్వతాల మధ్య, గంటల తరబడి నడిచినా ఆయాసం రాని బాటలున్నాయి. ఒక పక్క నిటారుగా కొండ, మరో పక్క లోయ. బాట మాత్రం ఇంచుమించు చదునుగా, కొండ నడుముకు కట్టిన మొలతాడులా సాగిపోతుంది. ఎందుకంటారా? దాన్ని అలా నడిపించినవి నీళ్లు!

చుట్టూ మంచు శిఖరాలున్నా వాలే లోయలో వానలు తక్కువ. మేఘాల్లోని తేమ చాలావరకు ఆ శిఖరాల మీదే కురిసిపోతుంది. సియోన్ పట్టణంలో ఏడాదికి కురిసేది సుమారు 600 మిల్లీమీటర్లే. వేసవిలో పచ్చిక ఎండిపోతే చలికాలంలో పశువులకు మేత ఉండదు. నీళ్లేమో ఎక్కడో పైన, హిమానీనదాలు కరిగే చోట! వాటిని పొలాలకు దించడానికి మధ్యయుగాల్లోనే రైతులు కాలువలు తవ్వారు. ఫ్రెంచి మాట్లాడే ఊళ్లలో వీటిని 'బీస్' అంటారు.

కాలువకు వాలు ఎక్కువైతే నీరు ఉరవడిగా పారి గట్టును కోసేస్తుంది. మరీ తక్కువైతే ఒండ్రు పేరుకుంటుంది. అందుకే గుట్ట అడ్డొస్తే దాని చుట్టూ తిరగాల్సిందే. మరి కొండ గోడలా నిలబడితే? రాతికి రంధ్రాలు తొలిచి, దూలాలు దిగగొట్టి, వాటి మీద చెక్క దోనెలు అమర్చారు. సావియేజ్ గ్రామస్థులు 15వ శతాబ్దంలో కట్టిన కాలువ ఇలాంటిదే. దోనె పక్కనే సన్నని పలకలు, కింద పాతాళం! మరమ్మతుకు వెళ్లి ప్రాణాలు పోగొట్టుకున్నవారూ ఉన్నారు.

మన చెరువుకు నీరటి ఉన్నట్టే బీస్‌కూ ఒక కాపలాదారు ఉండేవాడు. ఇరవై నాలుగు గంటలూ కాలువ వెంట తిరగలేడు కదా! అందుకని కాలువలో చిన్న నీటిచక్రం పెట్టారు. చక్రం తిరిగినంతసేపూ దానికి తగిలించిన సుత్తి ఒక పలక మీద టక్, టక్ మని కొడుతుంది. గుడిసెలో పడుకున్నా ఆ చప్పుడు వినబడుతూనే ఉంటుంది. ఆగిందా, పైన ఎక్కడో రాయి పడింది, లేదా గండి పడింది! మామూలుగా చప్పుడుకు మెలకువ వస్తుంది; అతనికి నిశ్శబ్దానికి వచ్చేది.

1930లలో సావియేజ్ నీటిని కొండలో తొలిచిన సొరంగం గుండా మళ్లించారు. పాత కాలువ దారిని తర్వాత బాగుచేసి, వేలాడే వంతెనలు వేసి, నడిచేవారికి వదిలారు. దగ్గర్లోని ఆయాన్ ఊరి బీస్ బొమ్మను 2019లో విడుదలైన స్విస్ 100 ఫ్రాంకుల నోటు మీద చూడవచ్చు. అన్ని బీస్‌లూ ఎండిపోలేదు. కొన్ని నేటికీ పొలాలు తడుపుతున్నాయి. ఆ బాటల్లో నడుస్తుంటే ఎక్కడో ఒకచోట టక్, టక్ మని వినిపిస్తుంది.